నల్ల పలక మీద తెల్ల గీతలు

మనవాళ్ళు నలుగురు చేరిన చోట మాటలు ముందు పిల్లల చదువుల మీదికి, తర్వాత ఇళ్ళ ధరల మీదికి, ఆఖరికి కార్ల మీదికి మళ్ళుతాయి. మేముండేది డెట్రాయిట్ పక్కన కాబట్టి ఇక్కడ కార్ల సంగతి ఆఖర్న కాదు, మొదటే వస్తుంది. మాలో చాలామందికి అన్నం పెట్టేది ఆ కార్ల కంపెనీలే మరి! ఆమధ్య ఒక దీపావళి పార్టీలో ఒకాయన పులిహోర ప్లేటుతో నన్ను పక్కకు పిలిచి, ఏదో ఇంటిగుట్టు చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "కారు కొని ఏడాది కాలేదండీ, కిటికీల మధ్య ఆ నల్ల ప్లాస్టిక్ అంతా సాలెగూడులా గీతలు పడిపోయింది. మీరు పోగొట్టారట కదా, ఎలాగండీ?" అని అడిగారు. ఆయనకు నిలబడి చెప్పింది సగమే. మిగతా సగంతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఊరికీ నలుపుకూ పాత చుట్టరికం ఉంది. ఫోర్డు కంపెనీ 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ కార్లను ఒక్క నల్లరంగులోనే అమ్మింది. ఆ రోజుల్లో నలుపంటే ఇనుపరేకు మీద పూసి, పెద్ద పొయ్యిలో కాల్చి ఆరబెట్టిన రంగు. ఇప్పుడు నలుపంటే ప్లాస్టిక్. అద్దాల చుట్టూ, తలుపుల మధ్య స్తంభాల మీద, చక్రాల పైన చంద్రవంకల్లా, బంపర్ల అడుగున, లోపల గేరు చుట్టూ, రేడియో చుట్టూ ఎక్కడ చూసినా అదే. షోరూం లైట్ల కింద కాటుక దిద్దినట్టు ముద్దుగా ఉంటుంది. ఆర్నెల్లు పోయాక ఎండలో చూడండి!

గీతలు పోగొట్టాలనుకునేవాళ్ళు ముందు చూడాల్సింది గీతను కాదు, ప్లాస్టిక్‌ను. ఒకే కారు మీద రెండు రకాల నలుపు ఉంటుంది. వేలితో తడిమితే తోలులా గరుకుగా ఉండేది ఒకటి. ముఖం చూసుకునేంత నున్నగా ఉండేది రెండోది. దీన్ని పియానో బ్లాక్ అంటారు. ఒకదానికి మందు రెండోదానికి విషం. నున్నటిదాన్ని మెత్తగా అరగదీసి బాగుచేస్తారు. గరుకుదాన్ని అరగదీశారో, ఆ గరుకు పోయి అక్కడొక మెరిసే మచ్చ మిగులుతుంది. ఇక దాన్ని మామూలుగా చేయడం మనవల్ల కాదు.

ముందు గరుకుదాని సంగతి చెప్పేస్తాను. ఇది ఎక్కువగా పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్. మన ఊళ్ళో పెళ్ళిపందిళ్ళలో వేసే ప్లాస్టిక్ కుర్చీలు చాలావరకు దీనితో చేసినవే. కారు కోసమైతే నలుపు రావడానికి అందులో మసి కలుపుతారు, గట్టిదనం కోసం చాలాచోట్ల టాల్క్ అనే రాతిపొడి కలుపుతారు. టాల్క్ మనకు కొత్తదేమీ కాదు. మన బలపపు రాయిలో ముఖ్యంగా ఉండేది అదే. ఒకప్పుడు మనం మొహాలకు దట్టంగా అద్దుకున్న పౌడరూ అదే. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఖనిజాలను గట్టిదనాన్ని బట్టి 1 నుంచి 10 దాకా వరసలో నిలబెట్టాడు. వజ్రానికి 10 వచ్చింది. మన టాల్క్‌కు వచ్చింది 1. అంతకంటే మెత్తనిది ఆ వరసలో లేదు. (పిల్లలూ, ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, ఇంకోటి ముందుంది.)

సూట్‌కేసు అంచో, ఉంగరమో, సైకిల్ హ్యాండిలో ఆ గరుకు ప్లాస్టిక్‌కు రాసుకున్నప్పుడు పైన ఉన్న నలుపు చిట్లి, లోపలి తెల్లపొడి తొంగిచూస్తుంది. నల్ల పలక మీద బలపంతో గీసినట్టుంది అంటే అది వట్టి ఉపమానం కాదు. బలపం నిజంగానే అందులో ఉంది! ఇక్కడ పుట్టిన పిల్లలకు పలక తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా చిన్నప్పుడు చెక్క ఫ్రేము బిగించిన రాతిపలకలుండేవి. మార్కాపురం పలకలంటే పేరు. తప్పు రాస్తే ఉమ్ముతో తుడిచేవాళ్ళం, పంతులుగారు చూస్తే చెవి మెలిపెట్టేవారు. తడి చేయగానే పలక నిగనిగలాడేది, రాతంతా మాయమైనట్టే ఉండేది. ఆరగానే పాత అక్షరాలు నీడల్లా మళ్ళీ తేలేవి.

గరుకు ప్లాస్టిక్‌కు అంగట్లో దొరికే నూనెలాంటి మందులు చేసే పనీ అచ్చంగా అదే. ఎండకు ప్లాస్టిక్ పైపొర సన్నసన్నగా పగులుతుంది. ఆ పగుళ్ళ మీద పడ్డ వెలుతురు నలుదిక్కులా చెదిరి, మన కంటికి బూడిదరంగులా కనిపిస్తుంది. నూనె ఆ పగుళ్ళను నింపగానే చెదరడం తగ్గి నలుపు తిరిగొస్తుంది. కడప బండలు పరిచిన వరండా కడిగినప్పుడు చూసే ఉంటారు, తడి ఉన్నంతసేపూ నల్లగా మెరిసి, ఆరాక మళ్ళీ తెల్లబడుతుంది. నూనె మందు నాలుగు వానలకు కొట్టుకుపోతుంది. రంగు కలిసిన మందులు వేరే ఉన్నాయి, అవి నెలల తరబడి నిలుస్తాయి. ముందు సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్షుతో పాత జిడ్డంతా వదలగొట్టి, బాగా ఆరనిచ్చి పూయాలి. అంతే. పక్కన ఉన్న రంగు మీద పడకుండా టేపు వేసుకోండి.

మా నాన్నగారు దీనికి చెప్పిన మందు కొబ్బరినూనె. సిద్ధాంతం సరైనదే, మెరుస్తుంది కూడా. కానీ గంటలో దుమ్మంతా దాన్నే అంటుకుంటుంది. మైనం పాలిష్ మాత్రం గరుకు ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకండి. గరుకు సందుల్లో దూరి తెల్లగా ఎండిపోతుంది. దాన్ని వదిలించడానికి అమెరికన్లు వేరుశనగ ముద్ద, అదే పీనట్ బటర్, రాసి బ్రష్షుతో తోముతారు. విని నవ్వాను కానీ పనిచేస్తుంది, అందులోని నూనెకు మైనం వదులుతుంది. తర్వాత కడగకపోతే మాత్రం మీ డ్రైవ్‌వేలో ఉడతల సభ జరుగుతుంది. గోడల మీద పిల్లల రాతలు చెరిపే తెల్ల స్పాంజి ఉంది చూశారా, మెలమైన్ స్పాంజి, అది మెత్తగా కనిపించే గరుకు కాగితం. మా మిత్రుడొకాయన దాంతో బంపరు మూల రుద్దితే ఆ మూల ఇప్పటికీ గుడ్డివెన్నెలలా ఉంది. వేడిగాలి తుపాకీతో ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి గీతలు మూసేవాళ్ళూ ఉన్నారు. పాలీప్రొపిలీన్ ఇంచుమించు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ఆ తుపాకీ అంతకు రెండుమూడింతల వేడి చిమ్మగలదు. రెండు క్షణాలు ఒకేచోట ఆగితే వంకర తిరుగుతుంది. చేయి తిరిగినవాళ్ళకు వదిలేయడం మేలు. పిల్లలున్న ఇంట్లో నేనైతే వద్దంటాను.

ఇక పియానో నలుపు. నేను రాయడానికి కూర్చున్నది అసలు దీని గురించే.

2024లో మా ఆవిడ కొత్త కారు కొనుక్కుంది. అదే ఏడు మే నెలలో అమ్మా నాన్నగారూ తెనాలి నుంచి వచ్చారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలుసు. మొదటి వారం అందరం ఇంట్లోనే. రెండో వారం మేం ఆఫీసులకు, పిల్ల బడికి. అమ్మకు వంటిల్లు దొరికింది. నాన్నగారికి ఏదీ దొరకలేదు. కారు నడపలేరు, నడిచి వెళ్ళడానికి దగ్గర్లో కొట్టు లేదు, పేపరు రాదు. కరెంటాఫీసులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి, రోజుకు పాతికమందితో మాట్లాడిన మనిషి కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే కుక్కలనూ వాటి వెనక పోయే మనుషులనూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

పదిరోజులు పోయాక ఒక పొద్దున్న చూస్తే, కాఫీ తాగి, పాత బనీను ముక్క పట్టుకుని మా ఆవిడ కారు తుడుస్తున్నారు. నాకు ఒక్కసారి 1985 గుర్తొచ్చింది. నాన్నగారు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసి కొనుక్కున్న చేతక్ స్కూటర్‌ను రోజూ ఆరింటికి ఇలాగే తుడిచేవారు. ముందు దుమ్ము దులపడం, తర్వాత పొడిగుడ్డ, ఆఖర్న హ్యాండిల్ మధ్య బొట్టు. ఆ బండి మీద గీత పడిందంటే అది వీధిలో పిల్లలు గీసిందే అయ్యుండాలి. ఇక్కడా అలాగే తుడిచేవారు. మా ఆవిడ బయటికి వచ్చేసరికి కారు తళతళలాడుతూ ఉండేది. "మావయ్యగారూ, మీకెందుకండీ శ్రమ" అంటే, "శ్రమేముందమ్మా, చేతులు ఊరికే ఉంటే తోచదు" అనేవారు. రాత్రి ఆ కబురు తెనాలికి ఫోన్లో చెప్పడం కూడా విన్నాను, "పొద్దున్నే ఇక్కడా నాకు డ్యూటీ ఉందయ్యా" అని.

ఈ ప్రాంతంలో మే నెలంటే పుప్పొడి కాలం. కార్ల మీద పసుపు చల్లినట్టు ఉంటుంది. పుప్పొడి మెత్తనిదే. దానితో కలిసి కూర్చునే మట్టి మెత్తనిది కాదు. మట్టిలో క్వార్ట్జ్ రేణువులుంటాయి, ఇసుక ఎక్కువగా అదే. మోస్ వరసలో క్వార్ట్జ్ అంకె 7. కారు నల్ల ప్లాస్టిక్ దాని ముందు వెన్న. బనీనుగుడ్డ మెత్తగానే ఉంటుంది, కానీ దాని నేతలో ఒక్క రేణువు చిక్కుకుంటే చాలు, ఆ గుడ్డ వాటర్ పేపర్ అయిపోతుంది. చేతక్ మీద కాల్చిన రంగుకు ఇది చెల్లింది. పియానో నలుపుకు చెల్లదు. దానికి కాగితపు రుమాలు కూడా బరువే.

జూన్ చివర్లో ఒక సాయంత్రం ఎండ వాలుగా పడుతున్నప్పుడు మా అమ్మాయి చూసింది. ఆరో క్లాసు పిల్ల. నోటికి ముందూ వెనకా ఉండదు. "తాతయ్యా, నువ్వు రోజూ రుద్ది రుద్ది అమ్మ కారంతా గీతలు పెట్టేశావు. చూడు, అన్నీ రౌండ్ రౌండ్‌గా!" అనేసింది. మా ఆవిడ కళ్ళతోనే కసిరింది. నాన్నగారు నవ్వారు. దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పైకెత్తి చూశారు. తలుపుల మధ్య నల్లస్తంభం మీద సూర్యుడి చుట్టూ సన్నటి వలయాలు, ఒకదాని మీద ఒకటి, సాలెగూడులాగే. "నేను గుండ్రంగా ఎప్పుడూ తుడవను రా. పైనుంచి కిందికే" అని నాతో మెల్లిగా అన్నారు.

మర్నాడు పొద్దున్న బయటికి రాలేదు. ఆ తర్వాత రోజూ రాలేదు. బనీనుముక్క గరాజ్‌లో చెత్తబుట్టలో కనిపించింది. "అవి ఎలాగూ పడే గీతలే నాన్నా" అంటే, "అంతే కదా" అన్నారు. మా ఆవిడ, "తుడవకపోయినా పాడయ్యేదేనండీ అది" అంది. పెద్దవాళ్ళను ఓదార్చబోతే వాళ్ళు ఇంకా చిన్నబుచ్చుకుంటారు. కిటికీ దగ్గర కుర్చీ, కుక్కల లెక్క మళ్ళీ మొదలయ్యాయి. అక్టోబరు దాకా తిరుగు టికెట్టు లేదు.

నాకు ఓదార్పు కంటే లెక్క నయం. ఆ మాట నాన్నగారికీ వర్తిస్తుంది, ముప్ఫయ్యేళ్ళూ ఆయన చూసింది పద్దులే. అందుకని శనివారం రాత్రి అన్నాలయ్యాక ఒక పాత స్టీలు కంచం తెచ్చాను. లైట్లు ఆర్పి, మా అమ్మాయి చేతికి ఫోను టార్చి ఇచ్చి కంచం మీద వేయమన్నాను. టార్చి వెలుగు చుట్టూ వలయాలు, అచ్చం కారు మీద లాగే. "అమ్మమ్మ కాలం నుంచి గుండ్రంగా తోమిన కంచం మరి" అంది. "సరే, టార్చి పక్కకు జరుపు" అన్నాను. జరిపింది. వలయాలూ జరిగాయి! వెలుగు ఎక్కడ పడితే దాని చుట్టూనే. గీతలు నిజంగా వలయాలే అయితే వాటి నడిమధ్య ఒకేచోట ఉండాలి కదా? కంచం మీద గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వాటిలో వెలుగుకు అడ్డంగా పడ్డవే మన కంటివైపు మెరుస్తాయి, మిగతావి మెరవవు. మెరిసినవన్నీ వెలుగు చుట్టూ వరసకట్టి వలయాల్లా కనబడతాయి. (పిల్లలూ, మీ ఇంట్లో కూడా చేసి చూడండి. చీకటి, టార్చి, వాడిన స్టీలు కంచం ఉంటే చాలు.)

"అంటే తాతయ్య రౌండ్‌గా తుడవలేదన్నమాట" అంది మా అమ్మాయి. నాన్నగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "అట్లాగని నేను గీయలేదని కూడా తేలలేదు" అన్నారు. అదీ పద్దుల మనిషి తీరు.

తేల్చడానికి రెండో పరీక్ష ఆయనే అడిగారు. ఇంట్లో పాత ఘంటసాల సీడీల పెట్టెలున్నాయి. వాటి లోపలి నల్లతట్ట నున్నటి ప్లాస్టిక్కే. మర్నాడు డ్రైవ్‌వే మీది దుమ్ము చిటికెడు రెండు తట్టల మీదా చల్లాం. ఒకదాన్ని పొడి బనీనుగుడ్డతో ఆయన పద్ధతిలో పైనుంచి కిందికి తుడిచారు. రెండోదాని మీద నీళ్ళు ధారగా పోసి, దుమ్మంతా కొట్టుకుపోయాక తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచారు. టార్చి వేస్తే మొదటిది కారుకు తోబుట్టువు. రెండోదాని మీద వెతికితే రెండుమూడు. "గుడ్డదీ కాదు, చేతిదీ కాదు. దుమ్ము ఉండగా తుడవడమే తప్పన్నమాట" అన్నారు. ఆయన గొంతులో బాధ తగ్గి, తీగ దొరికినప్పటి కుతూహలం వినిపించింది.

అంతటితో ఆగలేదు. కారు అవతలి పక్కకు నడిచారు. అటువైపు గడ్డి పొద్దున్నపూట తడిగా ఉంటుందని ఆయన ఎప్పుడూ వెళ్ళేవారు కాదు, ఆ పక్క తుడవనూ లేదు. అటువైపు స్తంభాల మీదా గీతలున్నాయి, ఇటువైపు కంటే తక్కువ, అంతే. ఈ రాష్ట్రంలో ఏప్రిల్లో కూడా రోడ్ల మీద చలికాలపు ఉప్పు మిగిలే ఉంటుంది, దాన్ని వదిలించడానికి కార్‌వాష్ తప్పదు. తిరిగే బ్రష్షులకు ముందు కార్ల మురికి ఉండనే ఉంటుంది కదా. "నా వాటా సగం కంటే కాస్త ఎక్కువ" అని నాన్నగారే తేల్చారు. మనవరాలు పక్కన నిలబడి, "సారీ తాతయ్యా" అంది. "సారీ ఎందుకే, నువ్వు చూడకపోతే అక్టోబరు దాకా గీస్తూనే ఉందును" అన్నారు.

ఇప్పుడు పోగొట్టే పని. గీతను పోగొట్టడం అంటున్నాం కానీ, నిజానికి గీతను ఎవరూ తీయలేరు. అది లేనిచోటు, గుంట. చుట్టూ ఉన్న నేలను గుంట అడుగుదాకా దించడమే మనం చేసేది. అందుకే ముందు గోరుతో అడ్డంగా గీకి చూడాలి. గోరు తట్టుకుంటే అది లోతైన గీత, దాని జోలికి పోవద్దు. గోరు జారిపోతే అది కొద్ది మైక్రాన్ల గీత, పోతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే మనం దించాల్సింది ఎంత కొంచెమో తెలుస్తుంది.

రెండో ప్రశ్న, పైన పారదర్శకమైన పొర ఉందా, లేక ఉన్నదంతా నల్ల ప్లాస్టిక్కేనా? ఎవరికీ కనబడని మూల తెల్లగుడ్డతో కాస్త పాలిష్ రుద్దితే సాధారణంగా తెలుస్తుంది. గుడ్డకు నలుపంటితే పొర లేదు. పొర ఉంటే అది మామూలుగా 40, 50 మైక్రాన్లు, అంటే వెంట్రుక కంటే పలచన. ఏటేటా అరగదీస్తూ పోతే ఒకరోజు అయిపోతుంది. మా కారుది వట్టి ప్లాస్టిక్, గుడ్డ నల్లబడింది. టూత్‌పేస్టు రాయమని చెప్పేవాళ్ళుంటారు. దానిలోనూ అరగదీసే పొడి ఉంటుంది, కాబట్టి కొంత పనిచేస్తుంది. కానీ అది పళ్ళ కోసం చేసింది. పియానో నలుపు మీద పాత గీతలు పోగొట్టి కొత్త మసక తెస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట, పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు తుడిచే ఎసిటోను దగ్గరికి రానీయకండి. కొన్ని ప్లాస్టిక్కులు ఎసిటోనులో కరిగిపోతాయి.

ఒక షాపులో అడిగితే పాలిష్ అనవసరం, ముక్కలు పీకి కొత్తవి వేస్తామన్నారు. ధర విని నాన్నగారు మనసులో రూపాయల్లోకి మార్చుకుని, "మనమే చేద్దాం" అన్నారు. నలభై డాలర్ల లోపు సరుకుతో అయిపోయింది. అన్నిటికంటే మెత్తని ఫినిషింగ్ పాలిష్ ఒక సీసా, అరచేతిలో ఇమిడే మెత్తని స్పాంజి ప్యాడ్లు నాలుగు, నీలం మాస్కింగ్ టేపు, మైక్రోఫైబర్ గుడ్డలు అరడజను.

ఆదివారం పొద్దున్న ఎండ రాకముందే మొదలుపెట్టాం. కారును నీళ్ళతో కడిగి, షాంపూతో కడిగి, మళ్ళీ నీళ్ళు పోశాం. దుమ్ము ఒక్క రేణువు మిగిలినా మనమే మళ్ళీ గీస్తాం. రబ్బరు అంచులకూ రంగుకూ టేపు వేశాం. ప్యాడ్ మీద బఠాణీ గింజంత పాలిష్ మూడు చుక్కలు. చిన్న యంత్రం కూడా దొరుకుతుంది. వేగం తక్కువ పెట్టుకుంటే దాంతో పని తొందరగా అవుతుంది. కానీ ఇనుపరేకులా ప్లాస్టిక్ వేడిని పక్కకు పంపలేదు, వేడంతా రుద్దినచోటే నిలుస్తుంది, మెత్తబడుతుంది. నాన్నగారు యంత్రం వద్దన్నారు. చేత్తోనే, అరచెయ్యంత మేర చొప్పున, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, బరువు వేయకుండా రుద్దారు. ఆ బరువు వేయకపోవడమే కష్టం. గీత కనబడుతుంటే చేయి దానంతటదే నొక్కుతుంది. ఆయన చేయి నొక్కలేదు. డెబ్భై అయిదేళ్ళ వయసులో ఒక్కో స్తంభానికి ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకే ఒక్కసారి కాఫీ.

మా అమ్మాయిది టార్చి డ్యూటీ. ప్రతి విడతకూ తుడిచి, టార్చి వేసి, "ఇంకా ఉన్నాయి... ఇంకా ఉన్నాయి... తగ్గాయి" అని తీర్పు చెప్పేది. ఇక్కడొక మోసం ఉంది. పాలిష్‌లో ఉండే నూనెలు గీతల్లో దూరి, పోయినట్టు భ్రమ కలిగిస్తాయి. ఇందాకటి తడిపలక సంగతే. అందుకని స్తంభం అయిందనుకున్నాక సబ్బునీళ్ళతో కడిగి, ఆరనిచ్చి మళ్ళీ చూశాం. రెండు స్తంభాల మీద మసక గీతలు తిరిగి తేలాయి. మళ్ళీ చేశారు. మధ్యాహ్నానికి నాలుగు స్తంభాలూ అయ్యాయి. డ్రైవర్ తలుపు పక్కన గోరు తట్టుకునే గీత ఒకటి ఉంది, దాన్ని ఉంచేశాం. అద్దాల పక్క మూలల్లో ప్యాడ్ దూరని చోట కాసిని మిగిలాయి. మిగతాదాంట్లో ఎదురింటి మేపుల్ చెట్టు ఆకులతో సహా కనిపించింది. నాన్నగారు అందులో చూసుకుని తల దువ్వుకున్నారు.

తర్వాత రక్షణగా సీలెంట్ పూశాం. పారదర్శకమైన ఫిల్మ్ అంటించే పద్ధతి కూడా ఉంది, 150, 200 మైక్రాన్ల మందం. కొన్ని రకాల్లో పైపొర మీది సన్నగీతలు ఎండవేడికి వాటంతటవే పూడుకుంటాయి. కొత్త కారు కొనేవాళ్ళు గీతలు పడకముందే ఆ స్తంభాల వరకైనా వేయించుకుంటే మంచిదని నా అభిప్రాయం. కారు మొత్తానికి వేయించడం మాత్రం నాకు డబ్బుదండగగానే కనిపిస్తుంది. ఇలాంటి ప్లాస్టిక్‌ను చేయి తగిలేచోటల్లా పెట్టిన డిజైనర్లను ఏమనాలో తెలియదు. గేరు చుట్టూ, రేడియో చుట్టూ పెట్టినవాళ్ళకు చిన్నపిల్లలు లేరని మాత్రం చెప్పగలను.

సోమవారం ఆరింటికి నాన్నగారి డ్యూటీ మళ్ళీ మొదలైంది. ఈసారి చేతిలో బనీను లేదు. ముందు గొట్టంతో నీళ్ళు, దుమ్మంతా పోయాక తడిగుడ్డ, ఒక్కోసారికి గుడ్డ మడత మార్చడం. గుడ్డలు వేరే బకెట్లో ఉతికేవారు. నూలు బట్టలతో కలిపితే పోగులు అంటుకుంటాయి, బట్టలు మెత్తబడే ద్రవం వేస్తే గుడ్డ నీళ్ళు పీల్చడం మానేస్తుంది, ఎక్కువ వేడిలో ఆరేస్తే పాడవుతుంది. ఈ మూడూ కాగితం మీద రాసి గరాజ్ గోడకు అంటించారు, తెలుగులో. ఆగస్టుకల్లా పక్కింటి అమెరికన్ ముసలాయన కూడా తన ట్రక్కు తెచ్చి చూపించడం మొదలుపెట్టారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే అర్థమయ్యేది. టార్చి మాత్రం ఇద్దరూ పట్టుకునేవారు.

అక్టోబరులో వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో బాదంపప్పుల పక్కన నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలూ, సగం సీసా పాలిష్ పెట్టుకున్నారు. తెనాలిలో మా కింద వాటాలో ఉన్నవాళ్ళు కొత్త కారు కొన్నారట, దానికీ అవే నల్లస్తంభాలట. పోయిన వారం ఫోన్ చేశారు. ఆరోగ్యాలు, వానలు అయ్యాక అసలు సంగతికి వచ్చారు. పనమ్మాయి ఆ గుడ్డలను తువ్వాళ్ళతో కలిపి ఉతికేసిందట, నిండా నూలుపోగులు పట్టాయట, పారేయాలా అని అడిగారు. పారేయక్కర్లేదు నాన్నా, ఆరాక పాత పళ్ళబ్రష్షుతో ఒకే దిక్కుకు దువ్వండి, వదులుతాయి అన్నాను. "మనవరాలిని అడిగి చెప్పు, ఏ దిక్కుకో" అన్నారు.